టర్కిష్ వస్తే మిగతా టర్కిక్ భాషల కాలాలన్నీ వచ్చేసినట్టేనా?

శీను_టర్కిష్: రెండేళ్లుగా టర్కిష్ నేర్చుకుంటున్నా, నా పాయింట్ సింపుల్. 'వచ్చాను'కి టర్కిష్‌లో గెల్దిమ్, అజర్‌బైజానీలోనూ గెల్దిమ్, ఉజ్బెక్, కజఖ్, కిర్గిజ్‌లో కెల్దిమ్, టాటర్‌లో కిల్దెమ్. ఒకటి నేర్చుకుంటే మిగతావి ఫ్రీగా వచ్చినట్టే కదా. కాదనేవాళ్లు చెప్పండి.

బిష్కెక్_రిటర్న్: అన్నా, అన్నిట్లోకి ఈజీది పట్టుకొచ్చి ఫ్రీ అంటున్నావ్. గెల్దిమ్, కెల్దిమ్‌లలో ఉన్న ఆ 'ది' గతం మాత్రం ఎక్కడికెళ్లినా అట్లాగే ఉంటది, వర్తమానంలోకి రా చూద్దాం. నేను ఎంబీబీఎస్ కిర్గిజ్‌స్తాన్‌లో చేశా, సిటీలో రష్యనే ఎక్కువ గానీ హాస్టల్ ఆంటీ పుణ్యమా అని కాస్త కిర్గిజ్ అబ్బింది. 'చదువుతున్నా' అంటే అక్కడ ఒకుప్ జతమ్, జత్ అంటే పడుకోవడం, అంటే చదివి పడుకున్నా అన్నట్టు ఉంటది, మొదట్లో నన్నేదో ఎగతాళి చేస్తున్నారనుకున్నా. కూర్చుని చదువుతుంటే ఒకుప్ ఒతురమ్. మీ టర్కిష్‌లో ఆ పని 'యోర్' చేస్తది, అది కూడా ఒకప్పుడు 'నడవడం' అనే క్రియే, అరిగి అరిగి ప్రత్యయం అయిపోయింది, అందుకే చుట్టూ అచ్చులు మారుతున్నా దాని 'ఓ' మాత్రం కదలదు. ఒకడు నడుస్తున్నాడు, ఇంకొకడు పడుకున్నాడు, ఫ్రీ ఎట్లా అయితది? మనకైతే కిర్గిజే దగ్గర. ఒకుప్ కొర్దుమ్ అంటే అచ్చం మన 'చదివి చూశా', చూడ్డంతో సహా.

శీను_టర్కిష్: బ్రో, అట్లా రెండు క్రియలు కలిసిన మాటలు టర్కిష్‌లోనూ ఉన్నాయ్. బకకల్దె అంటే 'చూస్తూ ఉండిపోయాడు'.

బిష్కెక్_రిటర్న్: ఉన్నాయ్, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కిర్గిజ్, కజఖ్‌లలో అవి లేకుండా పూట గడవదు.

వ్యాకరణం_మామ: మీరిద్దరూ అసలు గొడవ వదిలేశారు, 'మిష్' సంగతేంటి? టర్కిష్‌లో గెల్ది అంటే వచ్చాడు, గెల్మిష్ అంటే వచ్చాడట, లేదా చెప్పులు కనబడుతున్నాయ్ కాబట్టి వచ్చినట్టున్నాడు. ఈ తేడా కొత్తది కాదు, 11వ శతాబ్దంలో బాగ్దాద్‌లో తురుష్క నిఘంటువు రాసిన మహమూద్ కాష్గరీయే చెప్పాడు, ఎదురుగా జరిగితే 'ది', కళ్లెదుట జరక్కపోతే 'మిష్' అని. కానీ అదే 'మిష్' అజర్‌బైజాన్ రాజధాని బాకు చేరేసరికి గెల్మిషెమ్ అంటే ఉత్తి 'వచ్చి ఉన్నాను', అందులో 'అట' లేదు. అట కావాలంటే గెలిబ్ అనే వేరే రూపానికి 'మిష్' తగిలించి గెలిబ్‌మిష్ అనాలి. కిర్గిజ్‌లో ఆ పనికి కెలిప్తిర్ అనే వేరే రూపమే ఉంది. రూపం చూసి అర్థం ఇదే అనుకుంటే మునుగుతావు శీనూ.

శీను_టర్కిష్: సరే మామా, 'మిష్' అంటే 'అట' అని పెట్టేసుకుంటే టర్కిష్ వరకైనా పని నడుస్తుందా?

వ్యాకరణం_మామ: నడవదు. చాలా రోజుల తర్వాత చుట్టాలింటికెళ్తే పిల్లాణ్ణి ఎదురుగా చూస్తూనే చోక్ బుయుముష్‌సున్ అంటారు, మనం 'ఎంత ఎదిగిపోయావురా' అంటాం చూడు, అది. కళ్లతో చూస్తూ 'ఎదిగావట' అంటామా? ఇప్పుడే గమనించి ఆశ్చర్యపోవడం కూడా దాని పనే. అందుకే దాన్ని కాలం అనడమే నాకు నచ్చదు, కాలం పక్కన కూర్చున్న వేరే సరుకు. ఒప్పుకోనివాళ్లు బోలెడుమంది ఉన్నారులే.

బాకు_ప్రయాణం: మధ్యలో దూరుతున్నా, వచ్చే నెల బాకు వెళ్తున్నా, నాకు వచ్చింది కాస్త టర్కిష్. గెలిరిమ్ అని లాగించేస్తే సరిపోద్దా?

బిష్కెక్_రిటర్న్: అక్కడే బోల్తా పడతావ్. టర్కిష్ గెలిరిమ్ అంటే 'వస్తుంటా' లేదా 'వస్తాలే'. బాకులో గెలిరెమ్ అంటే 'వస్తున్నా', ఒక్క అచ్చు తేడా, మనిషి దారిలో ఉన్నట్టే. వాళ్ల 'వస్తాలే' గెలెరెమ్. ఎవరైనా గెలెరెమ్ అంటే మాత్రం అప్పుడే టీ పెట్టకు.