మిథిలీన్ బ్లూని పీల్చేసిన పొడి మంగళగిరి రంగు నీళ్లలో ఎందుకు పనిచేయలేదు?

గుంటూరు_ఎమ్మెస్సీ
అందరికీ నమస్కారం. గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నీళ్లలోంచి రంగు తీసే ప్రాజెక్టు కోసం, గ్లూకోజులు ఉంగరంలా చేరిన బీటా సైక్లోడెక్స్ట్రిన్‌ని సిట్రిక్ యాసిడ్‌తో కలిపి, ఓవెన్‌లో 140 డిగ్రీల దగ్గర ఉంచి, నీళ్లలో కరగని పొడి తయారు చేశాను. లేత పసుపు రంగు, మరమరాలు నలిపినట్టు ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు కలిపి ఈ పొడి చిటికెడు వేస్తే పావుగంటలో నీలమంతా పొడికి ఎక్కేసి, పైన తేట నీళ్లు మిగిలాయి. ఆ రోజు పట్టరానంత సంతోషం.

తర్వాత మంగళగిరి నుంచి అద్దకం నీళ్లు ఒక సీసాడు తెచ్చాను, ఎర్రవి. అదే పొడి, అదే తూకం. గంటైనా రంగు తగ్గలేదు. మర్నాడు చూస్తే పొడి సగం కూడా లేదు, అడుగున జిగురులా ఏదో ఉంది. వైవాకి మూడు వారాలే టైముంది, టెన్షన్‌గా ఉంది. ఇలా ఎవరికైనా అయిందా?

మంగళగిరి_మగ్గం
తమ్ముడూ, మాది రంగులు వేసే ఇల్లే. ముందు ఒకటి చెప్పు, ఆ నీళ్లు ఏ తొట్టివి? రియాక్టివ్ రంగు వేసేటప్పుడు ఉప్పు బాగా దట్టించి వేస్తాం, అప్పుడే రంగు నూలుకి ఎక్కుతుంది. ఆ తర్వాత రంగు పట్టి నిలబడటానికి సోడా వేస్తాం. వ్యాట్ రంగైతే కాస్టిక్, హైడ్రోస్. ఆ నీళ్లలో చెయ్యి పెడితే సబ్బు పట్టినట్టు జారుతుంది, సాయంత్రానికి వేళ్ల చర్మం ముడుచుకుపోతుంది. చిలపల్ని, అంటే నూలు కట్టల్ని, ఆ తర్వాత మూడు నాలుగుసార్లు జాడిస్తాం. మొదటి తొట్టి నీళ్లకీ, మూడో జాడింపు నీళ్లకీ చాలా తేడా. నువ్వు మొదటి తొట్టివే పట్టుకెళ్లి ఉంటావు. ఎర్రగా కనిపించేవి అవే.

బెజవాడ_ల్యాబక్క
మగ్గం అన్నయ్య చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. నేను ఇలా ఉంగరాల్ని కుట్టి చేసే పాలిమర్ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. సిట్రిక్ యాసిడ్‌తో మొదలుపెట్టి నేనూ ఇదే గోతిలో పడ్డాను.

నీ పొడిలో ఉంగరాలని ఒకదానికొకటి కుట్టింది ఎస్టర్ బంధాలు. సోడా నీళ్లలో ఎస్టర్ నిలవదు. కొబ్బరినూనెకి క్షారం తగిలితే సబ్బయ్యేదీ ఇదే చర్య. రాత్రంతా ఉంచావు కాబట్టి కుట్లు విడిపోయాయి. విడిపోయిన బీటా సైక్లోడెక్స్ట్రిన్ లీటరు నీళ్లలో 18 గ్రాముల దాకా కరుగుతుంది. నీ పొడి అలా నీళ్లలో కలిసిపోయింది.

ఇక రంగు సంగతి. సిట్రిక్ యాసిడ్‌కి మూడు ఆమ్ల చేతులుంటే అన్నీ కుట్టుకి వాడుకోవు. మిగిలినవి నీళ్లలో ఋణావేశంతో ఉంటాయి. మిథిలీన్ బ్లూది ధనావేశం, అందుకే వచ్చి అతుక్కుంది. రియాక్టివ్ రంగుల్లో సల్ఫోనేట్లు ఉంటాయి, అవీ ఋణావేశమే. దగ్గరికి కూడా రావు. అంటే తమ్ముడూ, నీకు నీలం పోయినప్పుడు ఉంగరం ఏమన్నా పనిచేసిందో లేదో ఇంకా తెలియదు. ఈ రంగంలో వచ్చే చాలా పేపర్లు ఇక్కడే ఆగిపోతాయి, అది నాకు నిజంగా బాధ. మిథిలీన్ బ్లూ ఒక్కటే చూపించి పొల్యూషన్ పోగొట్టాం అని రాసేస్తారు.

గుంటూరు_ఎమ్మెస్సీ
అక్కా, కళ్లు తెరిపించారు. మొదటి తొట్టివే తెచ్చాను, నిజమే. పీహెచ్ కాగితం పెట్టి చూస్తే 11 దగ్గర చూపించింది, అంటే గట్టి క్షారమే. మరి ఉంగరం పనిచేస్తోందో లేదో తెలుసుకునేదెలా?

పాత_మాస్టారు
బాబూ, నేను విజయవాడలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. దానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, మీ ల్యాబులో ఉన్న ఫినాఫ్తలీన్ చాలు.

ముందు బొమ్మ మనసులో పెట్టుకో. బీటా సైక్లోడెక్స్ట్రిన్ అంటే ఏడు గ్లూకోజులు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ వలయం. అడుగు ఊడిన గ్లాసులా ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం. బయటి వైపుకి నీళ్లంటే ఇష్టం, లోపలి వైపుకి జిడ్డు పదార్థాలంటే ఇష్టం. ఆల్ఫాలో ఆరు గ్లూకోజులు, గామాలో ఎనిమిది. విలియర్స్ అనే ఫ్రెంచి ఆయన 1891లోనే వీటిని పిండిపదార్థం నుంచి తీశాడు. పెడర్సన్ 1967లో క్రౌన్ ఈథర్లనే ఉంగరాల గురించి ప్రకటించాడు. ఆయనకీ, క్రామ్‌కీ, లేన్‌కీ కలిపి 1987లో నోబెల్ ఇచ్చారు. గుమ్మడికాయ ఆకారంలో ఉంటాయని కుకుర్బిటురిల్ అనీ, పూలకుండీలా ఉంటాయని కాలిక్సరీన్ అనీ మరికొన్నిటికి పేర్లు. పిల్లరరీన్ 2008లో జపాన్‌లో ఒగోషి బృందం చేసింది. ఇవన్నీ ఒంటరిగా ఉంటే కరిగిపోతాయి, లేదా గట్టిగా దగ్గర దగ్గరగా పేరుకుని చిల్లులు మూసుకుంటాయి. అందుకే వాటిని కుట్టి, సందులున్న వలలా చేయడం.

ఇప్పుడు పరీక్ష. పీహెచ్ 10.5 దగ్గర నిలిపి ఉంచే కార్బొనేట్ బఫర్‌లో ఫినాఫ్తలీన్ గులాబీ రంగులో ఉంటుంది. అది ఉంగరంలోకి దూరితే రంగు వెలిసిపోతుంది. పొడి వేసి, కలిపి, అరగంటలోపే వడకట్టి 552 నానోమీటర్ల దగ్గర గులాబీ ఎంత మిగిలిందో రీడింగ్ తీసుకో. ఒక్క జాగ్రత్త. నీ పొడిలో ఆమ్లం మిగిలి ఉంటే పీహెచ్ పడిపోయి కూడా గులాబీ పోతుంది, అది చూసి మోసపోవద్దు. పొడిని ముందు తటస్థం చేసి, బాగా కడిగి, ఆరబెట్టు. చివర్లో పీహెచ్ మళ్లీ కొలువు.

బెజవాడ_ల్యాబక్క
మాస్టారూ, నమస్కారమండీ. దానికి నాదొక చేర్పు. తమ్ముడూ, మామూలు పిండిపదార్థాన్ని (స్టార్చ్) కూడా అదే సిట్రిక్ యాసిడ్‌తో, అదే ఓవెన్‌లో, అలాగే చెయ్యి. పిండిలోనూ గ్లూకోజులే, ఉంగరం మాత్రం లేదు. రెండు పొడులనీ పక్కపక్కన పెట్టి మిథిలీన్ బ్లూ, ఫినాఫ్తలీన్ రెండిటితో చూడు. నీ థీసిస్‌లో అన్నిటికన్నా విలువైన పట్టిక అదే అవుతుంది.

పొడి ఉపరితలం ఎంతో చెప్పే బీఈటీ విలువ తక్కువొచ్చినా దిగులుపడకు. నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఎండిన పొడిని కొలుస్తారు. మన పాలిమర్ నీళ్లలో పడ్డాక ఉబ్బి తెరుచుకుంటుంది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ‌లో డిక్టెల్ బృందం 2016లో చేసిన పాలిమర్‌కి ఉపరితలం గ్రాముకి 200 చదరపు మీటర్ల పైచిలుకే, యాక్టివేటెడ్ బొగ్గుకి వెయ్యి దాటుతుంది. అయినా బిస్ఫినాల్-ఏ అనే ప్లాస్టిక్ కాలుష్యాన్ని బొగ్గుకన్నా చాలా వేగంగా లాగింది. మామూలు ఉష్ణోగ్రతలో మిథనాల్‌తో కడిగితే మళ్లీ పనికొచ్చింది. వాళ్లు కుట్టడానికి వాడింది ఫ్లోరిన్ ఉన్న గట్టి ఆరోమాటిక్ (బెంజీన్ లాంటి) వలయం, అది ఎస్టర్ కాదు.

మిర్చి_మాగాణి
సెన్సింగ్, అంటే పదార్థాన్ని గుర్తుపట్టే వైపు నా అనుభవం చెప్తాను. మాది మిర్చి పండించే కుటుంబం, నేను కాయల్లో పురుగుమందుల అవశేషాల మీద పనిచేశాను. కాలిక్సరీన్ పాలిమర్ ఒకటి చేశాం. మందు తగిలితే దాని వెలుగు తగ్గాలి. మందు కలిపిన మంచినీళ్లలో ముచ్చటగా తగ్గింది. ఎండుమిర్చి కషాయంలో మందు లేకపోయినా తగ్గింది! మిర్చి ఎరుపే మనం పంపే కాంతిని మింగేస్తోంది. పాలిమర్ దాకా కాంతి చేరితే కదా అది వెలగడానికి. పిక్రిక్ యాసిడ్ అనే పేలుడు పదార్థాన్ని పట్టే సెన్సర్లలోనూ ఇదే పొరపాటు చూస్తుంటాను, దానికి కూడా మనం పంపే కాంతి తరంగదైర్ఘ్యంలో సొంత శోషణ ఉంటుంది. ముందు కషాయాన్ని శుద్ధి చేసి, మందు లేని కాయల కషాయంతో పోల్చాకే నమ్మండి. పారాక్వాట్ అనే కలుపు మందు‌కి మాత్రం పిల్లరరీన్ ఉంగరం చక్కగా అమరుతుంది. ధనావేశమున్న సన్నటి పొడవాటి అణువు అది, గాజు గొట్టంలో పుల్ల దూరినట్టు దూరుతుంది.

పోర్ఫిరిన్_పిచ్చి
చర్యల్ని వేగం చేసే క్యాటలిసిస్ వాళ్లకి ఒక మాట. ఉంగరం మధ్యలో లోహం పెట్టి పాలిమర్ చేసినప్పుడు, చర్య సగంలో ఉండగా వేడివేడిగానే వడకట్టి, తేటని మళ్లీ వేడిచేయండి. చర్య ఇంకా ముందుకెళ్తే లోహం కారిపోయిందనే. నాలుగుసార్లు వాడాం, ఐదుసార్లు వాడాం అన్న బొమ్మ కన్నా ఈ ఒక్క పరీక్షని నేను నమ్ముతాను.

మంగళగిరి_మగ్గం
నాకు కెమిస్ట్రీ అంతగా తెలియదు కానీ ఒక సందేహం. ఈ పొడి రంగుని పట్టుకున్నాక ఆ రంగు పొడిని ఎక్కడ పోయాలి? కాలవలో పోసే నీళ్లు మానేసి చెత్తకుప్పలో పొడి పోస్తే, వానకి మళ్లీ అక్కడికే పోదా?

బెజవాడ_ల్యాబక్క
అన్నయ్యా, మా రివ్యూల్లో ఎవరూ అడగని ప్రశ్న అడిగారు. పొడిని కడిగి మళ్లీ వాడాలి, కడిగిన ద్రావకాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి వెనక్కి తీయాలి, చివర్లో చిక్కగా మిగిలిన రంగుని పద్ధతిగా పారేయాలి. ఒక ఇంటి దగ్గర మిథనాల్ పెట్టుకుని ఇది చేయమని నేను చెప్పలేను, అది విషం, మండుతుంది కూడా. నాలుగైదు ఇళ్లకి కలిపి ఒక చోట ఉంటేనే సాధ్యం. తమ్ముడు కుట్టు మార్చుకోవాలన్నా ఎపిక్లోరోహైడ్రిన్ జోలికి గైడ్ లేకుండా వెళ్లకూడదు. దాని ఈథర్ బంధాలు సోడాకి నిలుస్తాయి, ధనావేశమిచ్చే అమీన్ తగిలిస్తే ఎర్ర రంగూ దగ్గరికొస్తుంది. కానీ అది క్యాన్సర్ కారకం కావచ్చని గుర్తించిన రసాయనం. ఫ్యూమ్ హుడ్ లేని ల్యాబులో సీసా మూత కూడా తీయొద్దు.

గుంటూరు_ఎమ్మెస్సీ
పన్నెండు రోజులయ్యాక రాస్తున్నాను. పిండి పొడి మిథిలీన్ బ్లూని దాదాపు నా పాలిమర్ అంతే లాగేసింది. చూసి కాసేపు కుర్చీలో కూలబడ్డాను. తర్వాత ఫినాఫ్తలీన్ పెట్టాను. పిండి ఉన్న సీసాలో గులాబీ గులాబీగానే ఉంది. నా పాలిమర్ సీసాలో ఐదు నిమిషాలకే పల్చబడి, ఇరవై నిమిషాలకి మందారం రేకు ఎండినట్టు లేతగా మిగిలింది. పీహెచ్ రెండిట్లోనూ 10.5 దగ్గరే. ఉంగరాలు తెరిచే ఉన్నాయి మాస్టారూ!

గైడ్ గారికి అన్నీ చూపించాను, జిగురు సీసాతో సహా. ప్రాజెక్టు పేరులో రంగు నీళ్లు తీసేసి బిస్ఫినాల్-ఏ పెట్టుకుందాం అన్నారు. మిథిలీన్ బ్లూ పట్టిక ఉంచుతున్నాను, పక్కనే పిండి పట్టిక కూడా. మగ్గం అన్నయ్యా, ఆదివారం వస్తాను. ఈసారి మూడో జాడింపు నీళ్లు, జాడించడానికి మీరు వాడే వట్టి బోరు నీళ్లు, రెండూ వేరువేరు సీసాల్లో కావాలి.

మంగళగిరి_మగ్గం
రా తమ్ముడూ. పొద్దున్నే ఏడు లోపు రా, చిలపలు అప్పుడే జాడిస్తాం. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అది కూడా రాసుకో.