కాఠ్మాండూలో పుస్తకాల దుకాణాల గురించి సలహా కావాలి

నేపాల్ అన్నా, అక్కడి మనుషులన్నా నాకు చెప్పలేనంత ఇష్టం. కిందటిసారి ఠమేల్‌లోని ఒక పాత పుస్తకాల దుకాణంలో నేపాలీ కథల సంపుటిని కూడబలుక్కుని చదువుతుంటే, దుకాణదారు స్టూలు జరిపి కూర్చోబెట్టి, టీ తెప్పించి, మొదటి పేజీ మొత్తానికీ హిందీలో అర్థం చెప్పారు. కొంటానో లేదో అడగనైనా లేదు.

ఈసారి వారం రోజులూ పుస్తకాల కోసమే కేటాయించుకున్నాను. 1946 నుంచి నడుస్తున్న, బాగ్‌బజార్‌లోని రత్న పుస్తక భండార్ ఎలాగూ చూస్తాను. అది కాక, పాటన్‌లో గాని భక్తపూర్‌లో గాని నేవార్ల (కాఠ్మాండూ లోయలోని స్థానిక జనం) జానపద కథలు, నేపాలీ కొత్తగా నేర్చుకొనేవారికి పనికివచ్చే పిల్లల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా? మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు వస్తాయి కనుక ధర గురించి అంత బెంగ లేదు, బరువు గురించే. అక్కడి నుంచి పుస్తకాలను తపాలాలో పంపినవారు ఉంటే, పార్సిల్ ఎలా కట్టించారో దయచేసి చెప్పగలరు.