స్వరపేటిక ఉన్నది మాట కోసమా, కాపలా కోసమా?

నీలిమేఘం:
గొంతులోని స్వరపేటిక అంటే మాటల పెట్టె అని చాలామంది అంటారు. మాట దాని కొసరు పని. ఊపిరితిత్తుల వాకిట కాపలాయే అసలు పని. గొంతు మీద వేలు ఉంచి గుటక వేయండి. ముడి పైకి లేస్తుంది. ఆ క్షణంలో స్వరపేటికలోని స్వరతంత్రులు దగ్గరగా మూసుకుంటాయి, నాలుక మొదట్లో ఉన్న ఉపజిహ్విక మూతలా వాలుతుంది. ఊపిరితిత్తులున్న చేపలకూ నీరు లోపలికి పోకుండా బిగించే కండరం అక్కడే ఉంది. వాటికి మాటలెక్కడివి?

నల్లబల్ల:
మాట్లాడేటప్పుడు ఆడవారి స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి. ఇంత నేర్పు కొసరా?

బాటసారి:
బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టేదీ స్వరపేటికే.

నల్లబల్ల:
బరువుల సంగతి ఎవరడిగారు? "కొసరు" అన్న మాట వెనక్కి తీసుకోమంటున్నాను.

నీలిమేఘం:
తీసుకోను. ముందు పుట్టిన పనే అసలు పని.

నల్లబల్ల:
ఆ లెక్కన చేతులున్నది నడవడానికే, రాయడానికి కాదు! థైరాయిడ్ ఆపరేషన్‌లో నా స్వరపేటికను కదిలించే ఎడమ నరం దెబ్బతింది. ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద మెలిక తిరిగి, మళ్ళీ గొంతుకు ఎక్కే నరం అది. ఒక తంత్రి కదలదు. పాఠం చెబితే రెండో బెంచీ దాటి వినబడదు. "ఊపిరి ఆడుతోంది, పోయింది గొంతే కదా" అన్నారు డాక్టరు గారు. మీ "కొసరు" కూడా నాకు అలాగే తగిలింది.

నీలిమేఘం:
మీ సంగతి నాకు తెలియదు, క్షమించండి. పక్షవాతం తర్వాత మా నాన్నగారి మాట స్పష్టంగానే ఉండేది. అది విని ఆయన కోలుకున్నారనే అందరం అనుకున్నాం. నీళ్ళు తాగాక మాత్రం గొంతు తడితడిగా గరగరలాడేది. దగ్గు రాలేదు కాబట్టి భయం లేదనుకున్నాను. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నాయని న్యుమోనియా వచ్చాకే తెలిసింది. ఆయన దక్కలేదు. "కొసరు" వెనక్కి తీసుకుంటున్నాను. కాపలాయే ముందన్న మాట మాత్రం తీసుకోలేను.

తేటనీరు:
నల్లబల్ల గారూ, కదలని తంత్రిని మధ్యకు జరిపే ఇంజెక్షన్ ఉంది. అడిగారా?

నల్లబల్ల:
వచ్చే నెల వేస్తామన్నారు. నా వరకు మాటే ముందు. కానీ నీలిమేఘం గారూ, నీళ్ళు తాగితే నాకూ పొలమారుతోంది. చిన్న విషయమని ఎవరికీ చెప్పలేదు.

నీలిమేఘం:
వచ్చే నెల దాకా ఆగకండి. ఈ రోజే ఫోను చేసి చెప్పండి.