ఇంగ్లీష్ క్లాసులో తెలుగుతో పోల్చి చెప్పొచ్చా?

ఏలూరు_ఇంగ్లీష్_టీచర్:
అందరికీ నమస్తే అండి. జడ్పీ హైస్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకి ఇంగ్లీష్ చెప్తున్నాను. ఇంగ్లీష్ క్లాసులో తెలుగు వినపడకూడదనే ట్రైనింగుల్లో చెప్తూ వచ్చారు, కానీ ఏపీలో 2020 నుంచి లెక్కలు, సైన్సు పుస్తకాలే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్‌గా వస్తున్నాయి కదా, మరి మనకెందుకు వద్దంటారో నాకు అర్థం కావట్లేదు. మా పిల్లలు ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని రాస్తారు, ఎర్ర పెన్నుతో ఎన్నిసార్లు దిద్దినా పరీక్షలో మళ్ళీ అదే. పక్కన తెలుగు వాక్యం రాసి పోల్చి చెప్తే లాభమా, లేక ప్రతిదీ తెలుగులో అనుకుని మార్చుకునే అలవాటు పడిపోతుందా? అసలు ఏ తప్పు తెలుగు వల్ల వస్తోందో ఎలా తెలుస్తుంది?

భాషాశాస్త్రం_హైదరాబాద్:
మంచి ప్రశ్న మేడమ్. 1957లో రాబర్ట్ లాడో అని అమెరికా భాషాశాస్త్రవేత్త ఒకాయన, రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఉన్నచోట కష్టం, పోలిక ఉన్నచోట సులువు అని ముందే చెప్పొచ్చన్నాడు. చాలాకాలం పాఠాలు ఆ లెక్కనే తయారుచేశారు. తర్వాత పిల్లల తప్పులు నిజంగా పోగేసి చూస్తే అంచనాలు చాలాచోట్ల తప్పాయి. మన పిల్లల్నే చూడండి, వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది అని మాటలొచ్చినప్పటి నుంచీ క్రియ మార్చే పిల్లలకి ‘షి గోస్’లో ఒక్క ఎస్ ఎంత, అయినా వదిలేస్తారు. ఇంగ్లీష్ ఇళ్ళలో పుట్టిన పిల్లలకీ ఆ ఎస్ ఆలస్యంగానే వస్తుంది. అలాగే ‘ఐ యామ్ నోయింగ్’, తెలుగులో మనం నాకు తెలుసు అనే అంటాం, అందులో ‘తున్నా’ ఎక్కడుంది? అది క్లాసులో ఐఎన్‌జీ తెగ రుద్దడం వల్ల వచ్చిన తప్పని నా నమ్మకం. అందుకే 1967లో పిట్ కార్డర్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త తప్పుని తప్పుగా కాకుండా పిల్లవాడు లోపల కట్టుకుంటున్న వ్యాకరణానికి ఆనవాలుగా చూడమన్నాడు. ముందు నోటుబుక్కులు చూడండి, తర్వాతే పోల్చండి.

మీ ‘డిడ్ నాట్ వెంట్’కి మాత్రం తెలుగే మందు. బోర్డు మీద వెళ్ళాను, వెళ్ళలేదు అని రాయండి. లేదు రాగానే ‘వెళ్ళ’ మిగిలింది, జరిగిపోయిన కాలం క్రియలోంచి బయటికొచ్చేసింది. పైగా నేను వెళ్ళలేదు, ఆమె వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు, ఎవరికైనా ఒకటే రూపం. ‘డిడ్ నాట్ గో’ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. అందరూ తేడాలే చెప్తారు, కలిసేచోట్లు చూపిస్తేనే పిల్లలకి ధైర్యం వస్తుంది.

హిందీ_పండిట్_వరంగల్:
సార్ చెప్పింది హిందీకి ఇంకా బాగా సరిపోతది. ‘ముఝే భూఖ్ లగీ హై’ అంటే మన నాకు ఆకలైతుంది లెక్కనే, ఆకలి మనకి ‘కు’తోనే వస్తది, క్రియ చివర్నే ఉంటది, అది నేను అసలు పాఠంగా చెప్పను, ఊరికే చూపిస్త. కష్టమంతా లింగం దగ్గర, జరిగిపోయిన పని చెప్పేటప్పుడు చేసినోళ్ళ పేరు పక్కన వచ్చే ‘నే’ దగ్గర. మనకి కుర్చీ అయినా బల్ల అయినా వచ్చింది, పోయిందే, హిందీల ప్రతి వస్తువుకి ఆడో మగో ఉండాలె. ‘రామ్ నే రోటీ ఖాయీ’ అంటే తిన్నది రాముడు, క్రియ మాత్రం రొట్టె వెంట పోయింది, తెలుగుల అట్ల ఎప్పుడూ జరగదు కాబట్టి పిల్లలు నమ్మరు. దక్కనీ మాట్లాడే పిల్లలకి కూడా ఇది తిప్పలే, ఆ మాటల చాలాసార్లు ‘నే’ ఉండదు. అంటే క్లాసుల ఒక్క మాతృభాషే ఉందనుకుని పోలిస్తే కూడా కుదరదు.

న్యూజెర్సీ_అమ్మ:
నేను వీకెండ్ తెలుగు క్లాసులో వాలంటీర్‌ని, మాది అంతా రివర్స్ అండి. మా పిల్లలు ‘నేను ఇష్టం పిజ్జా’ అంటారు, ఇంగ్లీష్‌లో ఇష్టపడే మనిషి ముందొచ్చి కూర్చుంటాడు కదా. ఇంకోటి మనం, మేము. ఇంగ్లీష్‌లో రెండిటికీ ‘వి’ ఒక్కటే, అందుకని ఒక పాప నన్ను పిలుస్తూ ‘మేము ఆడుకుందాం రా’ అంది. రూల్ చెప్తే ఎక్కలేదు, ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి, మూడోవాళ్ళని గీత లోపలికి పిలిస్తే మనం, బయటే ఉంచితే మేము అని ఆడించాక పట్టుకున్నారు.

ఏలూరు_ఇంగ్లీష్_టీచర్:
చాలా ఉపయోగపడింది అందరిదీ, వెళ్ళలేదు సంగతి రేపే చెప్తాను. ‘ఎ’, ‘ది’ ఎలా సర్? తెలుగులో అవి లేవు కదా, పోల్చడానికి ఏముంటుంది?

భాషాశాస్త్రం_హైదరాబాద్:
విడిగా లేవు మేడమ్, ఛాయ ఉంది. పుస్తకం చదివాను అంటే ఏదో ఒకటి. పుస్తకాన్ని చదివాను అంటే మీకూ నాకూ తెలిసినది. వస్తువుల దగ్గర ఈ ‘ని’ పెట్టడం మానడంలో మనవాళ్ళకి ఆ తేడా సహజంగానే తెలుసు, దాంతో మొదలెట్టండి. కాకపోతే ఇది కర్మ దగ్గరే పనికొస్తుంది. ‘ది సన్’, ‘ది గోదావరి’ లాంటివి చదివించి, వినిపించి అలవాటు చేయాల్సిందే, అక్కడ తెలుగు సాయం చేయదు.