న్యూజెర్సీలో దుకాణం పార్కింగుకు, డ్రైవ్‌వేకు వేరియన్స్ (నిబంధన నుంచి సడలింపు): అనుభవం ఉన్నవారు చెప్పగలరు

ఓక్‌ట్రీ_కిరాణా: మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక పాత దుకాణ భవనాన్ని మా ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరున కొన్నాము. కిరాణాతో పాటు ఒక మూలన టిఫిన్లు కూడా అమ్మాలన్నది మా ఆలోచన. టౌన్‌షిప్ నిబంధనల లెక్కన 30 కార్లకు చోటు చూపించాలి. గీతలు ఎలా మార్చి గీసినా 25కు మించి రావడం లేదు. పైగా స్థలం వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడుతున్నందున, ఎదురెదురుగా కార్లు నడిచే డ్రైవ్‌వే 24 అడుగులు ఉండవలసింది ఒకచోట 20 అడుగులే మిగులుతోంది. వేరియన్స్ ఇచ్చే టౌన్‌షిప్ బోర్డు ప్రధానంగా దేనిని చూస్తుంది?

రూట్27_వ్యాపారి: “ఉన్నదంతా ఇందులో పెట్టాము, అనుమతి రాకపోతే మునిగిపోతాము” అన్న మాట బోర్డు ముందు ఎత్తకండి. వారు చూసేది మీ అప్పును కాదు, మీ నేలను. రాష్ట్ర మునిసిపల్ ల్యాండ్ యూజ్ చట్టం ప్రకారం ‘సీ’ వేరియన్స్‌కు, అంటే మీ వంటి కొలతల సడలింపుకు, రెండు దారులున్నాయి. స్థలం ఇరుకు, ఆకారం, వాలు వంటి వాటి వల్ల నిబంధన పాటించడం కష్టమని చూపడం ఒకటి. నిబంధన సడలిస్తే కలిగే మేలు కీడును మించుతుందని చూపడం రెండోది. ఏ దారిన వెళ్లినా, ఇరుగుపొరుగుకు, జోనింగ్ ప్రణాళికకు (ఏ ప్రాంతంలో ఏమి కట్టవచ్చో చెప్పేది) చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా నిరూపించాలి. మేము రెండో దారి పట్టి, రోడ్డు మీదకు ఉన్న రెండు ద్వారాలలో ఒకదాన్ని మూసివేస్తామన్నాము. ప్రమాదాలు తగ్గుతాయని మా ప్లానర్ ఇచ్చిన సాక్ష్యమే మమ్మల్ని గట్టెక్కించింది. అన్నట్టు, ఆ జోన్‌లో టిఫిన్ వ్యాపారానికి అసలు అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే అది ‘డీ’ వేరియన్స్ అవుతుంది. దానికి జోనింగ్ బోర్డులో ఐదు ఓట్లు అనుకూలంగా పడాలి.

సైట్‌ప్లాన్_సివిల్: డ్రైవ్‌వే వెడల్పు మీ టౌన్‌షిప్ పుస్తకంలో ఏ అధ్యాయంలో ఉందో చూడండి. జోనింగ్ అధ్యాయంలో ఉంటే వేరియన్స్ కావాలి. సైట్ ప్లాన్ (స్థలంలో ఏది ఎక్కడ ఉంటుందో చూపే పటం) ప్రమాణాలలో ఉంటే కేవలం మినహాయింపు అడిగితే చాలు, దానికి నిరూపణ భారం తేలిక. ఇక పార్కింగు సంగతి: 2021 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఎలక్ట్రిక్ కార్ల చార్జింగుకు సిద్ధం చేసిన ఒక్కో చోటును రెండుగా లెక్కిస్తారు, అయితే మొత్తం అవసరంలో తగ్గింపు పది శాతం దాటకూడదు. అంటే మూడు చోట్లు అలా కేటాయిస్తే మీ కొరత ఐదు నుంచి రెండుకు దిగుతుంది. ఆ రెండింటి కోసం, మీ వంటి దుకాణాలలో శని, ఆదివారాల రద్దీ వేళ నిజంగా ఎన్ని కార్లు నిలుస్తున్నాయో ట్రాఫిక్ ఇంజినీరు చేత లెక్క తీయించండి. సరుకు లారీ, ఫైరింజన్ ఆ 20 అడుగుల చోట ఎలా తిరుగుతాయో పటంలో గీసి చూపకపోతే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది.

పక్కవీధి_నివాసి: నేను ఇలాంటి విచారణలో అభ్యంతరం చెప్పిన పక్షాన కూర్చున్నాను. దుకాణం వస్తుందని కాదు మా కోపం, వారాంతాల్లో కార్లన్నీ మా ఇళ్ల ముందుకు వస్తాయని. యజమాని ముందుగానే ఇంటింటికీ వచ్చి పటం చూపి, కంచె కట్టడానికి, రాత్రి సరుకు దింపకుండా ఉండడానికి ఒప్పుకున్నాక చాలామంది మెత్తబడ్డారు. ఆ హామీలు బోర్డు తీర్మానంలో షరతులుగా నమోదైనందువల్లే మేము నమ్మాము.

ఓక్‌ట్రీ_కిరాణా: అందరికీ ధన్యవాదాలండీ. లాయరు లేకుండా మేమే వాదించుకోవచ్చా?

రూట్27_వ్యాపారి: ఆస్తి మీ సొంత పేరున ఉంటే వాదించుకోవచ్చు, ఎల్‌ఎల్‌సీ కనుక లాయరు తప్పనిసరి. 200 అడుగుల లోపు ఆస్తి యజమానులందరికీ విచారణకు కనీసం పది రోజుల ముందు నోటీసు చేరవేసే బాధ్యత కూడా దరఖాస్తుదారుదే. అందులో లోపముంటే బోర్డుకు విచారించే అధికారమే ఉండదు, గెలిచిన తీర్పు కూడా కోర్టులో కొట్టుకుపోవచ్చు. జాబితాను టౌన్‌షిప్ నుంచి ధ్రువీకరించి తీసుకోండి.

సైట్‌ప్లాన్_సివిల్: ఇంకొక్కటి. మీ ముందున్నది కౌంటీ రోడ్డయితే కౌంటీ ప్లానింగ్ బోర్డు, రాష్ట్ర రహదారైతే రవాణా శాఖ డ్రైవ్‌వేను విడిగా పరిశీలిస్తాయి. టౌన్‌షిప్ ఇచ్చిన వేరియన్స్ వారిని కట్టిపడేయదు కనుక, రోడ్డు ఎవరిదో తేల్చుకున్నాకే పటం ఖరారు చేయించండి.