స్కూల్ నుంచి రాగానే పాప వినికిడి మిషన్ తీసేస్తోంది, ఊరుకోవాలా మళ్లీ పెట్టించాలా?

ఉప్పల్ అమ్మ:
పాపకి ఆరేళ్లు, రెండు చెవులకీ మిషన్. ఇంటికి రాగానే బ్యాగ్ కంటే ముందు అవే తీసి సోఫా మీద పడేస్తుంది. వినికిడి పరీక్ష చేసి మిషన్ సెట్ చేసే ఆడియాలజిస్ట్ మేడమ్ ఏమో మెలకువగా ఉన్నంతసేపూ ఉండాల్సిందే అంటారు, మా అత్తయ్య ఏమో పొద్దంతా పెట్టుకుంది కదా పసిపిల్లని ఎందుకు సతాయిస్తావు అంటారు. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

రామంతపూర్ నాన్న:
పెట్టియ్యాల్నే అక్కా. స్కూల్ల వినేది పాఠం, మాట వచ్చేది ఇంట్లనే. "మోటర్ బంద్ చెయ్", "పప్పుల ఉప్పు తక్కువైంది" ఇసొంటివి నాయినమ్మ అంటుంటె చెవుల పడాలె, ఎవరూ కూసోబెట్టి నేర్పరు గదా ఇవి. మిషన్ల డేటా లాగింగ్ ఉంటది, రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుందో కంప్యూటర్ల కనపడ్తది, ఈసారి పోయినప్పుడు చూపియ్యమనండి.

కూకట్‌పల్లి_వినికిడి:
నేను చిన్నప్పటి నుంచి మిషన్ వాడుతున్నా, ఇప్పుడు జాబ్ చేస్తున్నా. అన్న చెప్పింది కాదనను, కానీ పాప ఎందుకు తీస్తోందో చూడకుండా పెట్టించడం మాత్రం తప్పు. మిషన్ టీచర్ గొంతుతో పాటు బెంచీ చప్పుడు, ఫ్యాన్, రోడ్డు మీద హారన్ అన్నీ పెంచుతుంది, ఆ గోలలోంచి మాట ఏరుకుని ఏరుకుని వినేసరికి సాయంత్రానికి తల పట్టేస్తుంది, ఇది బద్ధకం కాదండీ. ఇంకోటి, పిల్లల చెవి పెరుగుతుంది, మౌల్డ్ (చెవి కొలతకి చేసి లోపల పెట్టే అచ్చు) పెరగదు. వదులైతే కుయ్యిమని విజిల్ కొడుతుంది, బిగుతైతే లోపల ఒరుసుకుని ఎర్రగా కందిపోతుంది. ఎండాకాలం మిషన్‌ని మౌల్డ్‌కి కలిపే ట్యూబులో చిన్న చెమట చుక్క నిలిచినా సౌండ్ పోతుంది, రాత్రిళ్లు తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. అన్నీ బాగుండి కూడా తీస్తే కాసేపు వదిలేయండి, ఎదురుగా కూర్చుని మొహం కనపడేలా మాట్లాడండి, నాలుగు సైగలు నేర్చుకోండి. ఐఎస్ఎల్ఆర్‌టీసీ అని మన దేశపు సైగల భాష మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, వాళ్ల సైగల డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది. సైగ నేర్పితే మాట రాదని భయపెడతారు, నమ్మకండి.

రామంతపూర్ నాన్న:
కాసేపు అంటె ఎంతసేపు తమ్మీ? ఇయ్యాల కాసేపు, రేపు పండుకునేదాక. ఆరేళ్ల పిల్లకు సరే అనుకుందాం, రెండు మూడేళ్లోళ్లకైతే నేను ఒప్పుకోను. పుట్టిన నెల లోపల పరీక్ష, 3 నెలల్ల నిర్ధారణ, 6 నెలల్ల మిషనో థెరపీయో మొదలు కావాలె అని డాక్టర్లు ఊకెనే అంటరా, మాట పట్టుకునే వయసు అదే, పోతె మళ్ల రాదు. మౌల్డ్ సంగతి మాత్రం కరెక్ట్. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌ల వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది, గవర్నమెంటుదే, అక్కడ అడగండి అక్కా.

కూకట్‌పల్లి_వినికిడి:
చిన్నపిల్లల విషయంలో మీతోనే ఉన్నా అన్నా. కానీ ఆరేళ్ల పిల్ల నోటితో చెప్పగలదు. ఎక్కడ నొప్పి, మిక్సీయా టీవీయా బయట మండపం మైకా, ఏ సౌండ్ పడట్లేదు అని కూర్చోబెట్టి అడగండి అక్కా, అది రాసుకుని మేడమ్‌కి చూపిస్తే మిషన్ ప్రోగ్రామింగ్, అంటే సౌండ్ సెట్టింగులు, మార్చి ఇస్తారు. ఇంట్లో టీవీ కట్టేసి చూడండి, అప్పుడు కూడా తీస్తుందేమో.