సీతంపేట వైపు ఆడపిల్లలకి కంప్యూటర్ సైన్స్ పరిచయం చేయాలి, సలహా ఇవ్వగలరా?

నమస్కారమండీ. శ్రీకాకుళం దగ్గర ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. సంక్రాంతి సెలవులయ్యాక సీతంపేట ఏజెన్సీలోని గిరిజన బాలికల హాస్టళ్లకి వెళ్లి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి మా సబ్జెక్ట్ రుచి చూపించాలనుకుంటున్నాం. (2022లో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది గానీ, మాకు ఇప్పటికీ పక్క ఊరే.)

నెట్ మీద ఆధారపడకుండా, న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీ వాళ్ల 'సీఎస్ అన్‌ప్లగ్డ్' ఆటలు ఎంచుకున్నాం, కంప్యూటర్ లేకుండానే ఆడేవి. 1, 2, 4, 8, 16 చుక్కలున్న ఐదు కార్డులు చాలు. కొన్ని తెరిచి, కొన్ని బోర్లించి, తెరిచినవాటి చుక్కలు కూడితే 0 నుంచి 31 వరకు ఏ సంఖ్యనైనా చూపించొచ్చు. బైనరీ (0, 1లతోనే సంఖ్యలు రాయడం) అంటే అదే. కరెంటు పోయినా క్లాసు ఆగదు. ల్యాప్‌టాప్‌లలో స్క్రాచ్ (బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్) ఆఫ్‌లైన్‌లో ఎక్కించుకుంటాం.

అసలు టెన్షన్ వేరే ఉంది. కొందరు పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. మా దగ్గర ఆ భాష వచ్చిన విద్యార్థిని ఒక్కరే. ప్రతిసారీ ఆ అమ్మాయినే ముందు నిలబెట్టడం నాకు నచ్చదు, ప్రదర్శనకి పెట్టినట్టుంటుంది. సవర తెలిసిన టీచర్లు ఎవరైనా సాయం చేస్తారా? ఎవరిని అడగాలి?

ఇంకోటి, తల్లిదండ్రులు. ఇంటర్ తర్వాత పిల్లని దూరం పంపడానికి వాళ్లు వెనకాడేది ఫీజుకా, హాస్టల్‌కా, మరి దేనికైనానా? అక్కడ పనిచేసినవాళ్లు చెప్పండి. ఒక్కరోజు వెళ్లి ఫొటోలు దిగి వచ్చేయడం మాత్రం మాకొద్దు. ఏడాదంతా నడపాలంటే నెలకోసారి వెళ్తే సరిపోతుందా?